నేడు రొక్కం, రేపు చదువు

ఈసారి వచ్చిన ఉత్తరం పెద్దది, కుదించి ఇస్తున్నాను. రాసిన అమ్మాయి హనుమకొండలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) మూడో సంవత్సరం చదువుతోంది. ఊరు పరకాల దగ్గర. పేరు వేయొద్దంది.

"మేడమ్, పదో తరగతి జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం, 10 జీపీఏ వచ్చింది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో, వెయ్యికి 968. ఇప్పుడు రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నయి, ఇంట్లో తెల్వదు. ల్యాబ్ రికార్డులో పన్నెండు ప్రయోగాలకు మూడే రాసిన, ఇంక పద్దెనిమిది రోజుల్లో ఎక్స్‌టర్నల్ పరీక్ష. మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ అని ఫైలుకు పేరు పెట్టి సేవ్ చేసిన, లోపల ఏమీ లేదు. రోజూ సాయంత్రం మొదలుపెడదామనుకుంట, ఫోన్ పట్టుకుంట, పదకొండు అయితది. పొద్దున నాలుగింటికి లేద్దామని అలారం పెట్టుకుంట, లేవను. బాపుకు మూడెకరాలు, పత్తి, మిర్చి వేస్తడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి 'మంచిగ చదువుతున్నవా బిడ్డా' అంటడు. 'ఆ బాపూ' అంట. పెట్టేసినంక ఏడుపొస్తది. నేను బద్దకస్తురాలినయిపోయిన్నా? ఒక సెమిస్టర్ ఆపేసి మళ్లీ ఫ్రెష్‌గా మొదలుపెట్టాలా? హాస్టల్లో గోల ఎక్కువ, గోపాలపూర్‌లో రూమ్ తీసుకుంటే బాగుపడతనా?"

బిడ్డా,

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తా, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. నువ్వు బద్దకస్తురాలివి కావు. బద్దకస్తులకు ఏడుపు రాదమ్మా. బద్దకం ఉన్నవాడు పని పక్కన పడేసి కమ్మగా నిద్రపోతాడు, లేచి చాయ్ తాగుతాడు, వాడికి ఏ రందీ ఉండదు. నువ్వు సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా రికార్డు రాయలేదు సరే, ఆ ఐదు గంటలూ సుఖంగా ఉన్నావా? ఫోన్ చూస్తున్నంతసేపూ రికార్డు నెత్తి మీదే కూర్చుంది. చదివినవాళ్లకంటే ఎక్కువ అలసిపోయి పడుకుంటున్నావు. దీన్ని వాయిదా అంటారు. బద్దకానికీ దీనికీ మందు ఒకటి కాదు, అందుకే ముందు పేరు సరిగ్గా పెట్టుకుందాం.

మా చిన్నప్పుడు కిరాణా కొట్టులో గల్లాపెట్టె పైన ఒక అట్ట వేలాడేది, 'నేడు రొక్కం, రేపు అరువు' అని. మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. ఆ అట్ట రాయించిన సేటుకు తెలుసు, ఆ రేపు ఎన్నటికీ రాదని. అదే వాడి తెలివి. నువ్వూ అలాంటి అట్టే రాసుకున్నావు గానీ, రాసింది నువ్వే అయినా ప్రతి రాత్రీ నిజమని నమ్ముతున్నావు. నాలుగింటికి అలారం పెట్టుకున్న ఆ నిమిషంలో ఎంత హాయిగా ఉంటుందో చూశావా? చదవకుండానే చదివినంత తృప్తి. రేపటి నువ్వు ఎవరో మహానుభావురాలు, నాలుగింటికి లేస్తుంది, ఫోన్ ముట్టదు, నిద్ర ఆపుకుంటుంది. తీరా పొద్దున లేవాల్సింది పదకొండున్నరకు పడుకున్న ఈ నువ్వే.

ఆలస్యమంతా వాయిదా కాదని కూడా చెప్పాలి. మీ బాపు మిర్చి ఏరించి ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతే ఆ రోజు ధర లేదనుకో, కోల్డ్ స్టోరేజీలో పెట్టి రెండు నెలలు ఆగుతాడు. అది లెక్క వేసుకుని ఆగడం, ఆ లెక్క తప్పొచ్చు, అది వేరే సంగతి. కాల్గరీ యూనివర్సిటీలో పియర్స్ స్టీల్ అనే ఆయన వందల కొద్దీ పరిశోధనలను ఒక్కచోట చేర్చి 2007లో పెద్ద వ్యాసం రాశాడు. అందులో ఆయన చెప్పిన నిర్వచనం ఇంచుమించు ఇది: నష్టపోతామని తెలిసి కూడా, చేద్దామనుకున్న పనిని మనంతట మనమే వెనక్కి నెట్టడం. తెలిసి కూడా అన్నదే అసలు మాట. కాలేజీ పిల్లల్లో నూటికి 80 నుంచి 95 మంది ఎంతో కొంత ఇలా చేస్తారన్న అంచనా కూడా ఆ వ్యాసంలో ఉంది. మీ హాస్టల్లో నువ్వొక్కదానివే కాదన్నమాట. పక్క రూమ్ అమ్మాయి పుస్తకం ముందేసుకుని కూర్చుంటే చదువుతోందనుకుంటున్నావేమో, ఓసారి వెనక నుంచి వెళ్లి చూడు, పుస్తకంలో ఫోన్ ఉంటుంది.

స్టీల్ ఒక సూత్రం లాంటిది కూడా ఇచ్చాడు. నువ్వు ఈసీఈ కదా, సూత్రమంటే భయపడవు. పైన రెండు: ఈ పని నా వల్ల అవుతుందన్న నమ్మకం, అయితే నాకు ఒరిగేది ఎంత అన్నది. ఆ రెండింటినీ హెచ్చవేయాలి. కింద రెండు: ఆ ఫలితం ఎంత దూరంలో ఉంది, నా మనసు ఎంత తేలిగ్గా పక్కకు జారుతుంది. వాటితో భాగిస్తే వచ్చేదే పని మీద మనకుండే ఊపు. ఇప్పుడు నీ సాయంత్రాన్ని అందులో వేసి చూడు. రికార్డు ఫలితం పద్దెనిమిది రోజుల దూరం, ఫోన్ ఫలితం బొటనవేలు దూరం. ఇంక ఎవరు గెలుస్తారు? ఎక్స్‌టర్నల్ ముందు రాత్రి దూరం ఒక్కసారిగా చిన్నదైపోతుంది, అందుకే ఆ రాత్రి నీకు ఎక్కడలేని శక్తి వస్తుంది. వచ్చాక 'నాకు టెన్షన్ ఉంటేనే బుర్ర పనిచేస్తుంది' అని మనమే ఒక బిరుదు తగిలించుకుంటాం. ఆ బిరుదు సంగతి తర్వాత చెప్తా.

సూత్రం బాగానే ఉంది గానీ నాకు అది సగమే అనిపిస్తుంది. మనం దాటేస్తున్నది పనిని కాదు, ఆ పని ముందు కూర్చుంటే లోపల పుట్టే ఒకరకమైన గుబులుని. ఫ్యూషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అని ఇద్దరు 2013లో దీన్నే గట్టిగా వాదించారు, వాయిదా అనేది టైమ్ చూసుకోవడం చేతకాక వచ్చేది కాదు, మనసుకు ఇప్పటికిప్పుడు ఊరట కావాలని చేసేది అని. నీ విషయమే తీసుకో. రికార్డు తీశావు, బ్రౌన్ అట్ట, మీద నీ పేరూ హాల్ టికెట్ నంబరూ అందంగా రాసి ఉన్నాయి. ఎడమ వైపు తెల్ల పేజీలో సర్క్యూట్ గీయాలి, కుడి వైపు ఎయిమ్, అంటే ప్రయోగం దేనికో, రాయాలి. పెన్సిల్ చెక్కావు. అబ్జర్వేషన్ బుక్ తీస్తే నాలుగో ప్రయోగం రోజు రీడింగులు సగమే ఉన్నాయి, మిగతా సగం పక్క బ్యాచ్ వాళ్ల దగ్గర తీసుకుందామనుకుని వదిలేశావు. అక్కడ, సరిగ్గా అక్కడ, ఛాతీలో ఏదో కొంచెం బరువెక్కింది. 'ఒక్క నిమిషం, వాళ్లకు మెసేజ్ పెట్టి రీడింగులు అడుగుతా' అని ఫోన్ తీశావు. ఇంక పదకొండు. ఫోన్ తీసింది రీడింగుల కోసమే, అబద్ధం కాదు. కానీ ఫోన్ చేతిలోకి రాగానే ఆ బరువు దిగిపోయింది చూడు, అదీ నీ మనసు నేర్చుకున్న పాఠం. రికార్డు తీస్తే బరువు, ఫోన్ తీస్తే తేలిక. కుక్కపిల్లకైనా రెండు రోజుల్లో అలవాటవుతుంది, నీకు మూడేళ్ల నుంచి అలవాటవుతోంది.

నా సంగతి ఒకటి చెప్తా, నవ్వకు. నేను ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఒక ఏడాది ఇంటర్నల్ పరీక్షల పేపర్ల కట్ట ఇంటికి తెచ్చా, అరవై నాలుగు పేపర్లు, తెల్లదారంతో కట్టి ఉంది. తెచ్చి బీరువా మీద పెట్టా. పదహారు రోజులు అక్కడే ఉంది. ఆ పదహారు రోజుల్లో పోపుల డబ్బా గిన్నెలన్నీ చింతపండుతో తోమా, ఫ్యాన్ల రెక్కలు తుడిచా, మా ఆయన చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టా, నా పెళ్లయ్యాక మా ఇల్లు అంత శుభ్రంగా ఎన్నడూ లేదు. బద్దకమే అయితే ఫ్యాన్లు తుడుస్తానా? సంగతేంటంటే, ఆ ఏడు థర్మోడైనమిక్స్ పాఠం నేను సరిగ్గా చెప్పలేదు. ఇంట్లో మా అత్తమ్మ జబ్బు, ఆ హడావుడిలో పైపైన చెప్పి దాటించా. ఆ కట్ట విప్పితే పిల్లల జవాబుల్లో అది కనబడుతుందని నాకు తెలుసు. దిద్దాల్సింది పిల్లల పేపర్లే గానీ మార్కులు పడేవి నాకు. పదిహేడో రోజు కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది, నాలుగు మాటలు పడ్డాక దారం తెంపా. మొదటి పేపర్లో ఒక పిల్లవాడు కార్నో ఇంజిన్ బొమ్మ తలకిందులుగా గీశాడు. నవ్వొచ్చింది. ఆ పేపర్‌కు పట్టింది నాలుగు నిమిషాలు. మొత్తం కట్ట రెండు సాయంత్రాల్లో అయిపోయింది, పాఠం మళ్లీ ఓసారి చెప్పా, ఎవరూ చావలేదు.

ఇప్పుడు నీ గుబులు ఎక్కడిదో చూద్దాం. నాకు మూడు కనిపిస్తున్నాయి.

ఒకటి మామూలుది, దీన్ని చాలామంది సైకాలజీ చేసేస్తారు గానీ కాదు. నీకు కొన్ని సబ్జెక్టులు అర్థం కావడం లేదు. పదో తరగతి దాకా తెలుగులో లెక్క చేసిన పిల్లవి, ఇంటర్లో ఇంగ్లిష్ మీడియం మెటీరియల్ బట్టీతో నెట్టుకొచ్చావు, ఇక్కడ సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పుస్తకం మొదటి పేజీలోనే నాలుగు కొత్త మాటలు. అర్థం కాని పని చేదుగా ఉంటుంది, చేదు మందు ఎవరైనా దాటేస్తారు. దీనికి క్లాసులోనో పై ఏడాదిలోనో ఒక మనిషి కావాలి, తెలుగులో కూర్చోబెట్టి చెప్పే మనిషి. మోటివేషన్ వీడియో అక్కర్లేదు. అడగడానికి సిగ్గుపడుతున్నావు కదూ?

ఆ సిగ్గే రెండోది. అసలు కథ ఇక్కడుంది. నువ్వు ఊళ్లో '10 జీపీఏ పిల్ల'వి. బడిలో ఫ్లెక్సీ కూడా వేసే ఉంటారు. ఇంటర్లో 968. ఇప్పుడు నువ్వు నెల రోజులు గట్టిగా కూర్చుని చదివి, అప్పుడూ ఆ సబ్జెక్ట్ పోయిందనుకో, దాని అర్థమేంటి? 'నాకు రాదు' అని. చదవకుండా పోయిందనుకో, 'చదవలేదు, చదివితే వచ్చేది' అని. రెండో మాట ఎంత సుఖమో చూడు. అట్లా చదవకపోవడం నీ పరువు మీద కప్పిన దుప్పటి అయింది. మార్కులు పోయినా పేరు బతుకుతుంది.

ఇది నా ఊహ కాదు. 1978లో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అని ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి అసలు జవాబే లేని ప్రశ్నలిచ్చి, ఏ జవాబు పెట్టినా 'భలే చేశావు' అన్నారు. వాళ్లకు మెప్పు దొరికింది గానీ ఎందుకు దొరికిందో తెలీదు. తర్వాత మళ్లీ పరీక్ష ఉందని చెప్పి రెండు మందులు చూపించి ఒకటి ఎంచుకోమన్నారు, ఒకటి బుర్ర చురుగ్గా పనిచేయించేది, ఇంకోటి మందగింపజేసేది. ఈ పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, మందగించే మందు వైపే మొగ్గు కనిపించింది. తర్వాతి పరీక్ష పోతే తప్పు మందు మీదకు పోతుంది కదా. మగపిల్లల్లో అన్నారని మనకు లేదనుకోకు, నేను ఇన్నేళ్లు చూసిన క్లాసుల్లో ఆడపిల్లలకు ఆ మందు దండిగానే తెలుసు, నీ మందు ఫోన్. అంతకుముందు మెప్పు ఎక్కువ దొరికినవాళ్లకే ఈ జబ్బు ఎక్కువ, ఎప్పుడూ నలభై మార్కులతో గట్టెక్కేవాడికి కాపాడుకోవాల్సిన పేరేముంది? వెర్మాంట్ యూనివర్సిటీలో సాలమన్, రాత్‌బ్లమ్ 1984లో పిల్లలను మీరెందుకు వాయిదా వేస్తారని అడిగితే జవాబుల్లో రెండు గట్టిగా తేలాయి, ఫెయిలవుతామన్న భయం, పని మీద విముఖత. నీ దగ్గర రెండూ ఉన్నాయి, పాపం.

మూడోది గంట, చదువుకు కూర్చోమని బయటి నుంచి ఎవరో కొట్టే గంట. ఇంటర్లో నువ్వు చదివావా, నిన్ను చదివించారా? తెల్లారి ఐదింటికి వార్డెన్ తలుపు బాదుతుంది, స్టడీ అవర్, టిఫిన్, క్లాసు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పది దాకా. ఆదివారం టెస్టు, సోమవారం ర్యాంకు గోడ మీద. ఫోన్ ఉంటే గుంజుకుంటారు. రెండేళ్లు నీ టైమ్ నీ చేతిలో లేదు. అంతా అయ్యాక ఒక్కసారిగా ఇంజనీరింగ్ కాలేజీలో వదిలేసి చేతికి ఫోన్ ఇచ్చి 'నీ ఇష్టం' అన్నారు. వాకిట్లో కట్టేసి పెంచిన లేగదూడ పలుపు ఊడదీస్తే ఏం చేస్తుంది? తనంతట తాను కూర్చోవడం అనే విద్య నీకు ఎవరూ నేర్పలేదు, నేర్పకుండానే పరీక్ష పెట్టారు. ఆ కాలేజీల మీద నాకు చాలా కోపముంది, ఇక్కడ మొదలుపెడితే ఇవాళ ఆగను, వదిలేస్తా.

ఈ గంట గురించి ఒక మంచి ప్రయోగం ఉంది. డాన్ ఏరియెలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ 2002లో రాసింది. మూడు వ్యాసాల్లో తప్పులు పట్టమని పిల్లలకిచ్చారు, మూడు వారాల టైమ్. కొందరికి వారానికొకటి ఇవ్వాలని గడువు పెట్టారు, కొందరిని గడువులు మీరే పెట్టుకోమన్నారు, కొందరికి అన్నీ చివరి రోజు ఇస్తే చాలన్నారు. వారం వారం గడువున్నవాళ్లు ఎక్కువ తప్పులు పట్టారు, చివరి రోజు వాళ్లు అందరికంటే వెనకబడ్డారు, తమంతట తాము గడువు పెట్టుకున్నవాళ్లు మధ్యలో నిలిచారు. కాబట్టి బయటి నుంచి గంట కొట్టించుకోవడం నామోషీ ఏమీ కాదు. గంట ఎవరు కొట్టాలో ఈసారి నువ్వు ఎంచుకో, అంతే.

ఇక ఆ బిరుదు, టెన్షన్ ఉంటేనే బుర్ర పనిచేస్తుందన్నది. 1997లో డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ ఒక సెమిస్టర్ పొడుగునా పిల్లలను గమనించారు. సెమిస్టర్ మొదట్లో వాయిదా వేసేవాళ్లే హాయిగా ఉన్నారు, టెన్షన్ తక్కువ, జబ్బులు తక్కువ. చివరికొచ్చేసరికి లెక్క తిరగబడింది, వాళ్ల టెన్షన్, వాళ్ల జబ్బులు అందరికంటే ఎక్కువయ్యాయి, మొత్తం కలిపి చూస్తే కూడా వాళ్లే ఎక్కువ బాధపడ్డారు, మార్కులూ తక్కువే. నీ అనుభవమూ ఇదే కదా? నైట్ అవుట్ చేసి పాసైన రెండు పేపర్లు గుర్తున్నాయి నీకు, నైట్ అవుట్ చేసి పోయిన రెండు పేపర్లను మాత్రం ఆ లెక్కలో వేసుకోవు.

సరే, ఏం చేయాలి?

ముందు నీ ఉత్తరం నా దగ్గరికొచ్చి జవాబు రాసేసరికి నాలుగు రోజులయింది (నేనూ వాయిదా వేశానులే), కాబట్టి పద్నాలుగు రోజులు, తొమ్మిది ప్రయోగాలు. కాగితం తీసి నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైమ్ టేబుల్ గీయడం మొదలుపెట్టావో, చూడు మరి. టైమ్ టేబుల్ గీయడమంత కమ్మని వాయిదా ఇంకోటి లేదు. దసరాకు బ్యాగు నిండా పుస్తకాలు మోసుకుని పరకాల బస్సెక్కి, సెలవులయ్యాక ఆ బ్యాగు జిప్పు కూడా తీయకుండా హనుమకొండ తిరిగి తెచ్చే జాతి మనది. మన అంచనాలు ఎంత ఘోరమో కెనడాలో లెక్క తీశారు కూడా, 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు చివరి సంవత్సరం పిల్లలను మీ థీసిస్ ఎన్నాళ్లకు పూర్తవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55 రోజులకు పైనే. నువ్వు 'ప్రయోగానికి గంట' అనుకుంటే గంటన్నర, రెండు గంటలు వేసుకో. ఒకరోజు జ్వరమొస్తుంది, ఒకరోజు రూమ్మేట్ పుట్టినరోజు వస్తుంది, అవి కూడా వేసుకో. పదో రోజుకు అయిపోయేలా చూడు.

ఇవాళ రాత్రి చేయాల్సింది ఒక్కటే. 'రేపటి నుంచి బాగా చదువుతా' అనేది పనికిరాదు. ఏ పని అయ్యాక, ఏ చోట, ఏ ముక్క అన్నది చెప్పుకోవాలి. మెస్‌లో తిని ప్లేటు కడిగి పైకి రాగానే, రూమ్‌లోకి పోకుండా స్టడీ హాల్లో కూర్చుని నాలుగో ప్రయోగం ఎయిమ్ రాస్తా, అని. ఎయిమ్ అంటే రెండు లైన్లు. అంతే. పీటర్ గోల్విట్జర్ అనే ఆయన జర్మనీలో ఇదే పరీక్షించాడు, క్రిస్మస్ రోజుల్లో పిల్లలకు చిన్న రిపోర్టు రాసి పంపమని చెప్పి, కొందరిని ఎప్పుడు ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాయించుకున్నాడు. వాళ్లలో మూడింట రెండొంతులకు పైగా రాసి పంపారు, ఊరికే 'సరే రాస్తాం' అన్నవాళ్లలో మూడోవంతు. ఎయిమ్ రాశాక లేచి వచ్చేయొచ్చు, నేనేమీ అనను. చాలాసార్లు లేవవు, ఎందుకంటే ఆ గుబులు గడప దగ్గరే ఉంటుంది, లోపల ఉండదు. సగం రీడింగుల సంగతికి రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెట్టడాలొద్దు, పగలు క్యాంటీన్ దగ్గర పట్టుకుని కాగితం మీద రాసుకో. ఫోన్ స్టడీ హాల్లోకి రాకూడదు. రూమ్మేట్ చేతికివ్వు, తొమ్మిదికి తీసుకో. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు, ఎదురుగా ఉన్న ఫోన్‌ను మనసు గట్టి చేసుకుని ముట్టకుండా ఉండటం నావల్ల కూడా కాదు.

గంట కొట్టేవాళ్లు కావాలన్నా కదా, మీ ల్యాబ్ సార్‌ను పట్టుకో. నేను రికార్డుల మీద సంతకాలు పెట్టి పెట్టి అరిగిపోయినదాన్ని, చెప్తున్నా విను, చివరి వారంలో అరవై రికార్డులు ఒకే నీలి సిరాతో ఒకే తప్పుతో వచ్చి పడతాయి, ఎవరిది ఎవరు చూసి రాశారో చూడగానే తెలుస్తుంది. అలాంటి చోట ఒక పిల్ల వచ్చి 'సార్, రెండేసి ప్రయోగాలు తెస్తా, సంతకం పెడతారా' అంటే కాదనేవాళ్లు అరుదు. 'ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా' అంటారు, అననీ. అది ఒక నిమిషం.

తిట్టుకోవడం ఆపు. ఇది మెత్తటి మాట కాదు, పని జరిగే మాట. కార్లెటన్ యూనివర్సిటీలో 2010లో 119 మంది మొదటి సంవత్సరం పిల్లలను చూశారు, మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినవాళ్లలో, పోనీలే అని తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. ఎందుకో ఊహించు. 'ఛీ నా బతుకు' అనుకున్నప్పుడల్లా రికార్డు అట్ట మీద ఇంకో కిలో బరువు పెడుతున్నావు. రేపు దాన్ని ఎత్తడం ఇంకా కష్టం.

ఇక బాపు. ఇది నువ్వు అడగలేదు, కానీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది. తొమ్మిదింటికి 'ఆ బాపూ' అన్నాక నీకు తొమ్మిది నుంచి పదకొండు పోతోంది, గమనించావా? ఏడ్చిన కళ్లతో సర్క్యూట్ ఎవరు గీస్తారు? ఫోన్ ఇంకా రింగవక ముందు, ఎనిమిదింటి నుంచే గుబులు. అంటే నీ సాయంత్రాన్ని తినేస్తున్నది రికార్డు ఒక్కటే కాదు, ఆ అబద్ధం కూడా. ఈ ఆదివారం ఊరికి పో, ఫోన్లో వద్దు. 'బాపూ, రెండు సబ్జెక్టులు తప్పిన, సప్లిమెంటరీ రాస్తున్న' అను. ఇంతే, సంజాయిషీలు వద్దు. అరుస్తాడా? అరవొచ్చు. ఒక పూట మాట్లాడకపోవచ్చు. కానీ పత్తి గింజ పెట్టాక వాన పడక మళ్లీ గింజ కొనుక్కొచ్చి పెట్టిన మనిషి, ఒకసారి పోయింది మళ్లీ పెట్టడమంటే ఏంటో నీకంటే నాకంటే ఎక్కువ తెలిసినవాడు. ఆయన్ను మరీ తక్కువ అంచనా వేస్తున్నావేమో చూసుకో. అమ్మకు ముందు చెప్పి ఆమెతో చెప్పించడం తేలిక, కానీ నువ్వే చెప్పు.

ఒక మాట కొంచెం జాగ్రత్తగా అడుగుతున్నా. చదువు ఒక్కటే కాకుండా, తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పనులు కూడా బోసిగా అనిపించడం, బతకడం ఎందుకనే ఆలోచన రావడం, ఇలాంటివి రెండు వారాలకు మించి ఉన్నాయా? ఉంటే ఇది వాయిదా ఒక్కటే కాదు, నా ఉత్తరం సరిపోదు. 14416 టెలీ మానస్ నంబరు, ఏ వేళైనా చేయొచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులు కూడా ఉంటారు. చెవి నొప్పికి పోయినట్టే పో. చెడ్డ ఆలోచన వచ్చిన రోజున మాత్రం రెండు వారాల లెక్క చూడకు, అప్పుడే చేయి.

సెమిస్టర్ ఆపే మాట ఎత్తకు. నీ ఉత్తరంలో నాకు ఒంట్లో బాగాలేకపోవడం లాంటి కారణమేదీ కనిపించలేదు, ఉన్నదల్లా 'ఫ్రెష్‌గా' అన్న ఒక్క మాట. అది ఆరు నెలల సైజు రేపు. కిరాణా కొట్టు అట్ట పెద్దది చేసి ఫ్లెక్సీ కొట్టించినట్టు. పైగా ఆ ఆరు నెలలు ఊళ్లో ఏం చెప్తావు, ఎవరికి ఏం చెప్తావు, దానికే కొత్త అబద్ధాలు కావాలి.

గోపాలపూర్ రూమ్ కూడా వద్దు, ఇప్పుడు మాత్రం వద్దు. హాస్టల్లో గోల ఉంటుంది నిజమే, కానీ ఇంకో మనిషి పక్కన కూర్చుని రాస్తున్న స్టడీ హాల్ ఉంది, ప్లేటు కడగ్గానే ఎక్కే మెట్లున్నాయి. రూమ్‌లో నువ్వూ, వైఫై, నువ్వూ. అదీగాక రూమ్ వెతకాలి, ఓనర్‌తో మాట్లాడాలి, అడ్వాన్స్ సర్దాలి, గ్యాస్ పొయ్యి కొనాలి, కర్టెన్లు ఏ రంగో చూడాలి, నెల తిరిగిపోతుంది, ఆ నెలంతా రికార్డు ముట్టకపోవడానికి అంత మర్యాదైన సాకు నీకు ఇంకెక్కడా దొరకదు. ఎక్స్‌టర్నల్ అయ్యాక కూడా రూమ్ కావాలనిపిస్తే అప్పుడు రాయి, మాట్లాడుకుందాం. ఈలోపు నాలుగో ప్రయోగం ఎయిమ్ రాశావో లేదో ఒక కార్డు ముక్క పడేయ్.